95 డిగ్రీలు చూసి కంగారు పడే ముందు

అందరికీ నమస్కారం.

కొత్తగా కంప్యూటర్ అమర్చుకున్నవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, నా ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటుతోంది, ఫరవాలేదా?" దీనికి నేను వెంటనే జవాబు చెప్పను. ఆ 90 డిగ్రీలు ఎన్ని వాట్ల దగ్గర వచ్చాయి? ఆ సమయంలో గదిలో వేడి ఎంత? ప్రాసెసర్ ఎన్ని గిగాహెర్ట్జ్ వేగంతో నడుస్తోంది? ఈ మూడూ తెలియనంతవరకు డిగ్రీల అంకెను పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. కానీ చాలామంది తీసుకుంటున్నారు. నిక్షేపంగా ఉన్న ప్రాసెసర్‌ను దుకాణానికి వాపసు పట్టుకెళుతున్నారు. అమ్మానాన్నలు కూడబెట్టిన డబ్బుతో అవసరం లేని ఖరీదైన కూలర్లు కొంటున్నారు. నాకు బాధ కలిగించేది అదే. అందుకే ఈ విషయం మీద మాట్లాడమన్నప్పుడు వెంటనే ఒప్పుకున్నాను.

ప్రాసెసర్ తీసుకునే విద్యుత్తు దాదాపు మొత్తం వేడిగానే మారుతుంది. ఏఎండీ కంపెనీ చేసే రైజెన్ 7 7700ఎక్స్ అనే ప్రాసెసర్ సంగతి చూద్దాం. పెట్టె మీద 105 వాట్లని ఉంటుంది. నిజానికి తాను కూర్చునే సాకెట్ నుంచి 142 వాట్ల దాకా తీసుకునే అనుమతి దానికి ఉంది. అందులోని ఎనిమిది కోర్లూ, అంటే లెక్కలు చేసే భాగాలు, సుమారు 70 చదరపు మిల్లీమీటర్ల సిలికాన్ ముక్కలో ఇమిడి ఉంటాయి. అంటే వేలి గోరంత. ఇంట్లో ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు తీసుకుంటుంది కానీ దాని అడుగు అరచేతికన్నా వెడల్పు. ఒక్కో చదరపు సెంటీమీటరుకు లెక్కగడితే, పూర్తి పనిభారం మీద ఉన్న ఈ గోరంత ముక్క ఇస్త్రీ పెట్టె అడుగుకన్నా 20 రెట్లకు పైగా వేడిని బయటికి పంపాల్సి ఉంటుంది. మీరు పైన ఎంత పెద్ద కూలర్ పెట్టినా, వేడి ముందు ఆ చిన్న ముక్కలోంచి లోహపు మూతలోకి, మూతలోంచి కూలర్‌కు కింద పూసే థర్మల్ పేస్ట్‌లోకి దాటాలి. ఇరుకంతా అక్కడే. కూలర్‌కు రెట్టింపు డబ్బు పెడితే డిగ్రీలు సగానికి దిగుతాయని ఆశించడం అందుకే సరికాదు.

2022 సెప్టెంబరులో రైజెన్ 7000 శ్రేణి వచ్చినప్పుడు 95 డిగ్రీల దగ్గర నడవడం ఆ ప్రాసెసర్ల రూపకల్పనలోనే ఉందని ఏఎండీ చెప్పింది. విద్యుత్తు, వోల్టేజీ, వేడి, ఈ మూడింటిలో ఏదో ఒక హద్దు తగిలేదాకా అవి వేగం పెంచుకుంటూ పోతాయి. కాబట్టి మంచి కూలర్ పెట్టినా 95 కనబడవచ్చు, మామూలు కూలర్ పెట్టినా 95 కనబడవచ్చు. తేడా వేగంలో తెలుస్తుంది. ఇంటెల్ 12, 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు సాధారణంగా ఆ హద్దు 100 డిగ్రీలు. ఏఎండీ 7800ఎక్స్3డీ లాంటి వాటికి 89 మాత్రమే. మీ ప్రాసెసర్ హద్దు ఎంతో తయారీదారు వెబ్‌సైటులో చూసుకోండి. పక్కవాడి అంకెతో పోల్చుకోకండి.

హద్దు తగిలితే ప్రాసెసర్ కాలిపోతుందా? కాలిపోదు, వేగం తగ్గించుకుంటుంది. అయినా వేడి ఆగకపోతే కంప్యూటర్ దానంతటదే ఆగిపోతుంది. ఒకప్పుడు ఈ రక్షణ అందరికీ లేదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్‌సైటు వాళ్లు, కంప్యూటర్‌లో ఆట నడుస్తుండగానే ప్రాసెసర్ల మీది హీట్‌సింక్‌ను, అంటే వేడిని లాగే లోహపు దిమ్మెను తీసేసి ఏమవుతుందో చూపించారు. ఆనాటి ఏఎండీ ఆథ్లాన్ క్షణాల్లో పొగలు కక్కింది. ఇంటెల్ పెంటియం 4 మాత్రం వేగం తగ్గించుకుని ఆటను నడిపిస్తూనే ఉంది. ఇవాళ మీరు కొనే ఏ డెస్క్‌టాప్ ప్రాసెసర్‌లోనైనా ఆ రక్షణ ఉంటుంది.

మరి భయపడాల్సిందేదీ లేదా అంటే ఉంది. అది వోల్టేజీ. 2023లో కొన్ని రైజెన్ 7000ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్‌తో సహా కాలినప్పుడు, ఎస్ఓసీ వోల్టేజీ (కోర్లకు కాక ప్రాసెసర్‌లోని మిగతా భాగాలకు వెళ్లేది) 1.3 వోల్టులు దాటకుండా కట్టడి చేసే కొత్త బయోస్‌లు విడుదలయ్యాయి. బయోస్ అంటే కంప్యూటర్ ఆన్ కాగానే మదర్‌బోర్డులో మొదట నడిచే ప్రోగ్రామ్. 2024లో ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్ని ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలుపెడితే, మితిమీరిన వోల్టేజీ వల్ల అవి లోపల దెబ్బతింటున్నాయని తేలింది. ఇంటెల్ ఆ ఆగస్టులో 0x129 అనే మైక్రోకోడ్ (బయోస్‌తో పాటు వచ్చే, ప్రాసెసర్ లోపలి సవరణ) ఇచ్చి, వారంటీని మరో 2 ఏళ్లు పొడిగించింది. అంతవరకు జరిగిన నష్టాన్ని ఆ మైక్రోకోడ్ బాగుచేయలేదు, ఇకపై జరగకుండా మాత్రమే చూడగలదు. అందువల్ల కొత్త కంప్యూటర్ ఆన్ కాగానే, ఆటలు ఎక్కించకముందే, బయోస్‌ను తాజా చేయండి. తెర మీది డిగ్రీలు చూసి నిద్ర మానుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, బయోస్ తేదీ చూసేవాళ్లు మాత్రం నాకు అరుదుగా కనబడతారు.

ఇక అసలు పనిలోకి వద్దాం. ముందుగా కూలర్ సరిగ్గా ఆనిందో లేదో చూడాలి. ఇంటెల్ పెట్టెతో వచ్చే చిన్న కూలర్‌కు నాలుగు మూలలా నాలుగు నల్లటి పుష్‌పిన్‌లు ఉంటాయి. పైనుంచి నొక్కితే నాలుగూ టక్‌మని కూర్చున్నట్టే అనిపిస్తుంది. అది నమ్మకండి. మదర్‌బోర్డును వెనక్కి తిప్పి చూడండి. ప్రతి రంధ్రంలోంచి తెల్లటి ప్లాస్టిక్ కొన రెండుగా విచ్చుకుని, దాని మధ్య నల్లటి సూది బయటికి వచ్చి ఉండాలి. ఒక్క మూలలో ఆ తెల్ల కొన విచ్చుకోకపోయినా కూలర్ వాలిపోయి, ఒకవైపు మాత్రమే ఆనుతుంది. బ్రౌజర్ తెరిచినా 80, 90 డిగ్రీలు వస్తున్నాయంటే నేను మొదట చూసేది ఆ వెనక వైపే. పిన్ తల మీద బాణం గుర్తు ఉంటుంది. ఆ బాణం వైపు తిప్పితే పిన్ ఊడుతుంది. కాబట్టి బిగించే ముందు తలలన్నీ మొదటి స్థానంలోకి తిప్పి ఉంచి, ఎదురెదురు మూలలను జంటగా నొక్కాలి.

స్క్రూలున్న కూలర్‌కూ అదే పద్ధతి. ఒక మూల రెండు చుట్లు, దాని ఎదురు మూల రెండు చుట్లు, అలా కొంచెం కొంచెంగా. ఒక మూలను పూర్తిగా బిగించి రెండోదానికి వెళితే పేస్ట్ ఒక పక్కకు తోసుకుపోతుంది. కూలర్ అడుగున అంటించి ఉండే పలచటి ప్లాస్టిక్ పొరను తీయడం మరవకండి. థర్మల్ పేస్ట్ బఠాణీ గింజంత చాలు. కొంచెం ఎక్కువైనా కొంప మునగదు, అదనంగా ఉన్నది అంచుల్లోంచి బయటికి వచ్చేస్తుంది. పేస్ట్‌కు బదులు కొందరు పూసే ద్రవలోహం జోలికి మాత్రం కొత్తవాళ్లు వెళ్లకండి. అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది.

కూలర్ సరిగ్గానే కూర్చుంది, అయినా భారం వేయగానే నేరుగా 100కు వెళుతోంది అంటారా? బయోస్‌లో విద్యుత్తు పరిమితి చూడండి. కొన్ని బోర్డులు మొదటిసారి ఆన్ చేయగానే ఏ కూలర్ పెట్టారని అడుగుతాయి. మనం ముచ్చటపడి వాటర్ కూలర్ అని నొక్కుతాం. వెంటనే పరిమితి గడిలో 4096 వాట్లని పడుతుంది. అంటే పరిమితే లేదని. కోర్ ఐ7-14700కేకు ఇంటెల్ చెప్పే గరిష్ఠం 253 వాట్లు. ఆ హద్దు ఎత్తేస్తే చివరి కొద్దిపాటి వేగం కోసం అది విపరీతంగా విద్యుత్తు తింటుంది. ఎందుకంటే వేగం పెరగాలంటే వోల్టేజీ పెరగాలి, వోల్టేజీ పెరిగితే విద్యుత్తు దాని వర్గం ప్రకారం పెరుగుతుంది. అదే వేగం దగ్గర వోల్టేజీని 10 శాతం తగ్గించగలిగితే ఆ లెక్కన 19 శాతం విద్యుత్తు మిగులుతుంది.

అందుకని ఇంటెల్ అయితే ముందు ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ఎంచుకోండి. ఇంకా వేడి అనిపిస్తే పరిమితిని 180 వాట్లకో 150కో దించండి. ఏఎండీ అయితే విద్యుత్తు తగ్గించే ఎకో మోడ్ అనే అమరిక ఉంది. 65 వాట్ల ఎకో మోడ్‌లో ప్రాసెసర్ 88 వాట్లు దాటదు. 7700ఎక్స్ లాంటిదానికి అది పెద్ద నష్టమేమీ కాదు. అదే ఎనిమిది కోర్లతో 65 వాట్ల 7700ను ఏఎండీయే 2023 జనవరిలో అమ్మకానికి పెట్టింది. ఆటల్లో ఈ తేడా మీకు తెలియను కూడా తెలియదు. రూపాయి ఖర్చు లేని ఈ మార్పు చేయకుండా పెద్ద కూలర్ కొనమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ఇప్పుడు మన ఎండల సంగతి. సమీక్షల్లో చూసే అంకెలు చాలావరకు 21 నుంచి 25 డిగ్రీల గదుల్లో కొలిచినవి. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని గది 38 డిగ్రీలు ఉండడం వింత కాదు. కూలర్ చేయగలిగిందల్లా గదికీ ప్రాసెసర్‌కూ మధ్య తేడాను తగ్గించడమే. 25 డిగ్రీల గదిలో ఒకే వాట్ల దగ్గర 75 చూపించే యంత్రం 38 డిగ్రీల గదిలో సుమారు 88 చూపిస్తుంది. ఏదీ పాడవలేదు, కేవలం ఎండాకాలం వచ్చింది. నీటి కూలర్ అయినా గది వేడికన్నా కిందికి దించలేదు. డిసెంబరులో సరిచూసుకుని నిశ్చింతగా ఉండకండి. బయోస్‌లో రెండు ప్రొఫైళ్లు భద్రపరచుకోవచ్చు. వేసవికి తక్కువ వాట్లది ఒకటి, మిగతా కాలానికి మరొకటి.

గాలి సంగతి తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే సినీబెంచ్ ప్రోగ్రామ్‌ను 10 నిమిషాలు నడిపి, కొలతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో వాట్లు, డిగ్రీలు, వేగం రాసుకోండి. కేబినెట్ పక్క పలక తీసేసి మళ్లీ నడపండి. నీటి కూలర్ అయితే అరగంట ఇవ్వండి, నీళ్లు వేడెక్కడానికి సమయం పడుతుంది. రెండుసార్లూ వాట్లు ఒకటే అయి ఉండి, పలక తీశాక 10 డిగ్రీలు తగ్గితే లోపం కేబినెట్‌ది. ముందు వైపు రంధ్రాలే లేని గాజు కేబినెట్లతోనూ, బల్ల కింది చెక్క అరలో మూసిపెట్టిన వాటితోనూ ఇలాగే అవుతుంది. తేడా 2, 3 డిగ్రీలే అయితే గాలిని వదిలేసి కూలర్ బిగింపు, విద్యుత్తు పరిమితి మళ్లీ చూడండి. హద్దుకు తగిలి ఆగే ప్రాసెసర్‌తో ఈ పరీక్ష చేసేటప్పుడు ఎకో మోడ్‌లో పెట్టి చేయండి. లేకపోతే రెండుసార్లూ 95 చూపించి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

ఫ్యాన్ ఎటు ఊదుతుందో తెలియకపోతే దాని మోటారును పట్టి ఉంచే అడ్డ పుల్లలు ఎటువైపున్నాయో చూడండి. గాలి అటే వెళుతుంది. ముందు నుంచి లోపలికి, వెనక నుంచీ పై నుంచీ బయటికి పంపాలి. ఏ పనీ లేనప్పుడు కూడా ఫ్యాన్ హోరున లేచి తగ్గుతుంటే అదీ జబ్బు కాదు. ఒక ప్రోగ్రామ్ తెరవగానే కోర్ వేడి ఒక్కసారి 40 నుంచి 60కి ఎగరడం ఈ ప్రాసెసర్లకు మామూలే. 60 డిగ్రీల దాకా ఫ్యాన్ వేగం ఒకేలా ఉండేట్టు బయోస్‌లో ఫ్యాన్ వేగం చూపే గీత మార్చి, స్పందనకు కొద్ది సెకన్ల ఆలస్యం పెడితే నిశ్శబ్దం అవుతుంది.

దుమ్ము వడపోత జాలీని నెలకోసారి తీసి దులపండి. రోడ్డు పక్క ఇళ్లలో అయితే ఇంకా ముందే. ఇక్కడ బల్ల మీద పుష్‌పిన్ కూలర్, విప్పిన బోర్డు ఉన్నాయి. ఒక్కొక్కరుగా వచ్చి పిన్‌లు మీ చేత్తో బిగించి, బోర్డు వెనక్కి తిప్పి చూడండి. ఆ తర్వాత మీ ప్రశ్నలు తీసుకుంటాను.