మగ్గం చుట్టూ కూర్చునే చోటుకి అద్దె ఎవరు కడతారు?

పెద్దలకూ మిత్రులకూ నమస్కారం.

మతాల మధ్య అవగాహన పెంచే పనులకు నిధులెలా ఇవ్వాలో మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ హాల్లో ఇచ్చేవాళ్లే ఎక్కువమంది ఉన్నారు. నేను పద్నాలుగేళ్లు పుచ్చుకునే వైపు ఉన్నాను. హైదరాబాద్ పాతబస్తీలో ఒక చిన్న కుట్టు కేంద్రం చూసుకున్నాను. కిందటేడాది నుంచి ఒక చిన్న దాతల బృందానికి దరఖాస్తులు చదివి పెడుతున్నాను. రెండు వైపులా కూర్చున్నాను కాబట్టి, డబ్బు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పని పాడుచేస్తుందో నేను చూసినంత మేరకు చెబుతాను.

మా దగ్గర మగ్గం వర్క్ నేర్పేవాళ్లం. మీ ఇంట్లో పెళ్లయితే పెళ్లికూతురి జాకెట్టు మీద మెరిసే పని అదే. నాలుగు కర్రల చట్రానికి గుడ్డ బిగించి కడతారు. దాన్ని కొందరు అడ్డా అంటారు, కొందరు కార్చోబ్ అంటారు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు నేలమీద కూర్చుంటారు. ఒక చెయ్యి గుడ్డ కింద దారం అందిస్తుంటే, రెండో చెయ్యి పైనుంచి ఆరి సూదితో దాన్ని లాగుతుంది. కళ్లు గుడ్డ మీంచి కదలకూడదు. చేతులు రెండూ పనిలో ఉంటాయి, నోరొక్కటే ఖాళీ. ఇంక మాటలు రాకుండా ఎలా ఉంటాయి? అత్తగారి గొడవలు, పిల్లల ఫీజులు, నల్లా నీళ్లు ఎన్నింటికి వచ్చాయి, ఎవరి మరదలికి సంబంధం కుదిరింది. అన్నీ ఆ గుడ్డ మీద నుంచే నడిచేవి.

పని నేర్పే ఆవిడను అందరూ ఆపా, అంటే అక్క, అనేవాళ్లు. మొదటి ఏడాది రంజాన్ నెలలో మధ్యాహ్నం అయ్యేసరికి హిందూ అమ్మాయిలు టిఫిన్ డబ్బాలు పట్టుకుని మెట్ల మీదకి పోయి తినడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు, వాళ్లకే తోచింది. మూడోరోజు ఆపా మెట్ల దగ్గరికి వచ్చి కోప్పడింది. "మీరు ఎండలో కూర్చుని తింటే నా రోజాకి పుణ్యం పెరుగుతుందా? లోపలికి రండి" అంది. అంతే. ఆ నెలంతా వాళ్లు లోపలే తిన్నారు. ఇంతకన్నా పెద్ద సర్వమత సమ్మేళనం నేను చూడలేదు.

ఐదో ఏడు మాకు ఒక పెద్ద దాత దొరికారు. డబ్బుతోపాటు ఒక ఫారం వచ్చింది. పేరు, వయసు, ఫోన్ నంబరు, ఆ పక్కన మతం అని ఒక గడి. సమైక్యతా కార్యక్రమానికి ఇస్తున్నాం కాబట్టి సగం వీళ్లు, సగం వాళ్లు ఉన్నారని లెక్క చూపించాలన్నారు. అడగడం నా పని అయింది, అడిగాను. అప్పటికి ముప్పైమందికి పైగా ఉన్నారు. ఎవరు ఎవరో అందరికీ తెలుసు, పేర్లలోనే ఉంది కదా. అయినా ఆ గదిలో ఆ మాట పైకి అడగడం అదే మొదలు. చర్చికి వెళ్లే ఒక అమ్మాయి ఆ గడి దగ్గర పెన్ను ఆపేసి నా మొహం చూసింది. వాళ్లింట్లో ఎస్సీ ధ్రువపత్రం ఉంది. క్రైస్తవులమని ఒక కాగితం మీద రాస్తే అది ఎక్కడికి పోతుందో, ఎవరు చూస్తారో అని ఆమె భయం. మన దేశంలో ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుందన్న సంగతి దరఖాస్తు ఫారాలు తయారుచేసేవాళ్లకు గుర్తుండి ఉండదు. ఆమెకు ప్రతి రోజూ గుర్తుంటుంది.

మర్నాడు వచ్చి చూస్తే ఒక అడ్డా దగ్గర నలుగురూ వీళ్లే, రెండో అడ్డా దగ్గర నలుగురూ వాళ్లే. ఎవరూ పోట్లాడుకోలేదు. లెక్క అడిగాం కాబట్టి లెక్క ప్రకారం కూర్చున్నారు. మళ్లీ కలిసి కూర్చోవడానికి నెలలు పట్టింది. అవగాహన పెంచడానికి వచ్చిన డబ్బు మొదట చేసిన పని అది. అందుకే ఇచ్చే పద్ధతి గురించి మాట్లాడకుండా ఎంత ఇవ్వాలో మాట్లాడలేను.

ఈ ఊళ్లో ఈ పని కొత్తది కాదు. 1990 డిసెంబరు అల్లర్లలో హైదరాబాద్‌లో వందమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత పాతబస్తీలోని సుల్తాన్‌షాహీలో హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అమన్ శాంతి పేరుతో పని మొదలుపెట్టారు. ఈ సంస్థ కథ కూడా చెప్పుకోదగ్గది. ముస్లింలకు క్రైస్తవాన్ని బోధించేవాళ్లకు శిక్షణ ఇవ్వడానికి 1930లో లాహోర్‌లో పుట్టింది. ఊళ్లు మారి మారి 1971లో హైదరాబాద్ చేరింది. పోనుపోను మతాల మధ్య సఖ్యతకే తన పనిని తిప్పుకుంది. ఒక సంస్థ తన పుట్టుకకు కారణమైన ఉద్దేశాన్నే మార్చుకుందంటే అది చిన్న విషయం కాదు. అలాంటివాళ్లు సుల్తాన్‌షాహీలో పట్టుకున్న పని పిల్లల చదువు, మందులు, ఆడవాళ్లకు కుట్టుపని. రెండు వైపులవాళ్లకూ రోజూ అవసరమైనవి. అవసరం మనిషిని గడప దాటిస్తుంది, ఉపన్యాసం దాటించదు. ఉపన్యాసం ఇస్తూనే ఈ మాట అంటున్నాను.

పరిశోధకులు చెప్పిందీ దీనికి దగ్గరగానే ఉంది. 1950 నుంచి 1995 దాకా దేశంలో జరిగిన మతఘర్షణల లెక్కలు తీసిన అశుతోష్ వార్ష్నే, పల్లెల్లో చనిపోయినవాళ్లు మొత్తంలో నాలుగు శాతం లోపేనని చూపించారు. మొత్తం మరణాల్లో దాదాపు సగం ఎనిమిది నగరాల్లోనే. అందులో మన హైదరాబాద్ ఒకటి. ఆయన హైదరాబాద్‌ను, హిందూ ముస్లిం ఘర్షణలు పెద్దగా లేని లక్నోతో పోల్చి చూశారు. అక్కడ చికన్‌కారీ అనే కుట్టుపనిలో వ్యాపారులు ఎక్కువగా హిందువులు, కుట్టేవాళ్లు ఎక్కువగా ముస్లిం స్త్రీలు. ఒకరి కూడు ఇంకొకరి చేతిలో ఉంది. నగరాల్లో పండక్కి పిలుచుకోవడం, పలకరించుకోవడం మంచివే కానీ అవి సరిపోవు, సంఘాలు, యూనియన్లు, వ్యాపార బంధాల్లాంటి కట్టుబాటున్న కలయికలే ఉద్రిక్తత వచ్చినప్పుడు నిలబడతాయని ఆయన తేల్చారు. దాతలు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు. మన డబ్బులో ఎక్కువ భాగం సరిగ్గా ఆ సరిపోని దానికే పోతోంది. వేదిక, శాలువాలు, ముగ్గురు గురువులు చేతులు కలిపిన ఫోటో, భోజనాలు. సాయంత్రానికి షామియానా విప్పేస్తారు.

భివండీ సంగతి చూడండి. ముంబై పక్కన మరమగ్గాల ఊరు. 1970లో ఒకసారి, 1984లో ఇంకోసారి రక్తం పారింది. 1988లో అక్కడికి పోలీసు అధికారిగా వెళ్లిన సురేశ్ ఖోపడే వాడవాడనా రెండు మతాలవాళ్లతో మొహల్లా కమిటీలు పెట్టించారు. వాళ్లు కూర్చుని మాట్లాడుకున్నది చాలావరకు దొంగతనాలు, మురుగుకాల్వలు, ఇరుగుపొరుగు తగాదాలు. 1992 డిసెంబరులో, ఆ తర్వాతి జనవరిలో పక్కనే ముంబై తగలబడింది. ఆ అల్లర్ల మీద విచారణ చేసిన శ్రీకృష్ణ కమిషన్ లెక్కలో 900 మంది చనిపోయారు. భివండీ మాత్రం నిలబడింది. ఆ కమిటీలకు 1988లో ఎవరైనా దాత ఒక్క ఏడాదికి నిధి ఇచ్చాడనుకోండి. 1989లో ఆయనకు ఏం నివేదిక రాస్తాం? "మురుగుకాల్వ గురించి పన్నెండు సమావేశాలు జరిగాయి" అని రాస్తాం. ఆయన ఫలితం లేదని ఆపేస్తాడు. ఫలితం నాలుగేళ్ల తర్వాత, ఏమీ జరగకపోవడం అనే రూపంలో వచ్చింది.

మన దగ్గర ఇటీవలి ఉదాహరణ ఉంది. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాద్-ఉన్-నబీ రెండూ సెప్టెంబరు 28నే పడ్డాయి. రెండు ఊరేగింపులూ ఒకే రోజు పాతబస్తీ రోడ్ల మీదకి వస్తే ఎలా ఉండేదో ఊహించుకోండి. ముస్లిం పెద్దలు కూర్చుని మాట్లాడుకుని తమ ఊరేగింపును అక్టోబరు 1కి జరుపుకున్నారు. మరుసటేడూ అలాగే వెనక్కి జరిపారు. ఆ నిర్ణయానికి పైసా ఖర్చు కాలేదు. కానీ అలాంటి రోజు రాత్రి పదకొండింటికి ఎవరికి ఫోన్ చేయాలో తెలిసి ఉండటానికి, అవతలివాళ్లు ఆ ఫోన్ ఎత్తడానికి, వెనక ఏళ్ల తరబడి కలిసి కూర్చున్న అలవాటుండాలి. ఆ కూర్చునే చోటుకి అద్దె ఉంటుంది, కరెంటు బిల్లు ఉంటుంది, తాళం తీసే మనిషికి జీతం ఉంటుంది.

దాతలు ఎక్కువగా వెనకాడేది ఇక్కడే. కుట్టు మిషన్లు కొనివ్వమంటే ఇస్తారు, మిషను మీద పేరు రాయించుకోవచ్చు. సమన్వయకర్త జీతం అంటే మొహం తిప్పేస్తారు. చట్టాలూ అటే నెడుతున్నాయి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో పరిపాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి దిగింది. విదేశీ నిధి తీసుకున్న పెద్ద సంస్థ దాన్ని బస్తీలోని చిన్న సంస్థకు పంచే దారి కూడా మూసుకుపోయింది. మాలాంటి పనిలో మనిషే పని. ఆ జీతాన్ని ఏ పద్దులో చూపిస్తారో మీ ఆడిటరుతో ముందే మాట్లాడుకోండి. ఇక్కడ అమెరికా నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టి ఒక మాట. మీ దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే మీరు బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కిందకి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే వస్తుంది, అప్పుడు ఆ చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉన్న సంస్థకే ఇవ్వాలి.

పెద్ద కంపెనీలవాళ్లు సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత, కింద గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో చదువు ఉంది, ఆరోగ్యం ఉంది, పర్యావరణం ఉంది, కళలు, ఆటలు ఉన్నాయి. మత సామరస్యం అనే మాట లేదు. లేకపోవడమే నయమేమో అని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది. చదువు పద్దు కింద ట్యూషన్ సెంటరు పెట్టండి, ఉపాధి పద్దు కింద మగ్గం పెట్టండి. పెట్టే చోటు మాత్రం చూసుకోండి, రెండు బస్తీలు కలిసే గల్లీలో పెట్టండి. అంతకన్నా ఏమీ అడగడం లేదు.

ప్రభుత్వానిదీ ఒక సంస్థ ఉంది, 1992లో కేంద్ర హోంశాఖ కింద ఏర్పడిన జాతీయ మత సామరస్య ఫౌండేషన్. ఘర్షణల్లో దిక్కులేనివాళ్లయిన పిల్లల చదువుకు సాయం చేయడం దాని ముఖ్యమైన పని. అవసరమైన పని, చేయాల్సిందే. అయితే అది ఇల్లు కాలాక వచ్చే సాయం. అలాగని ఒక్క ప్రభుత్వాన్నే నమ్ముకున్నా కష్టమే. బ్రిటన్‌లో మతాల మధ్య పరిచయాలు పెంచడానికి 1987లో మొదలైన ఇంటర్ ఫెయిత్ నెట్‌వర్క్ 2024లో మూతపడింది. ఒక ట్రస్టీ నియామకం మీద అభ్యంతరంతో ప్రభుత్వం లక్షన్నర పౌండ్ల చిల్లర నిధిని వెనక్కి తీసుకుంది, అంతే. ముప్పై ఏడేళ్ల పరిచయాలు అంత చిన్న మొత్తం మీద నిలబడి ఉన్నాయి.

మరి మన పల్లెలు ఇన్నాళ్లూ ఎలా నిలబెట్టుకున్నాయి? చందాతో. పీర్ల పండక్కి మా అమ్మమ్మ ఊళ్లో ముస్లింల ఇళ్లు ఏడో ఎనిమిదో. నిప్పుల గుండానికి కట్టెలు రెడ్ల ఇళ్ల నుంచి వచ్చేవి, డప్పు మాదిగవాడది, మలీద ప్రసాదానికి బెల్లం కోమటి కొట్టు నుంచి, పీరు ఎత్తుకునేవాళ్లలో సగంమంది హిందువులే. ఎవరి వంతు ఏదో ఊరందరికీ తెలుసు. వంతు ఇచ్చినవాడు పండగ నాది అనుకుంటాడు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి దగ్గరికి ఇప్పటికీ జనం అలాగే పోతున్నారు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె అని అరుస్తూ మార్చుకుంటారు. కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు, తీరినవాళ్లు మరుసటేడు తెచ్చి ఇస్తారు. నడుముల్లోతు నీళ్లలో నిలబడి నీదే మతం అని ఎవరూ అడగరు.

కాబట్టి మీరిచ్చే రూపాయితోపాటు బస్తీ నుంచి నాలుగణాలు రావాలని షరతు పెట్టండి, అది నేను ఒప్పుకుంటాను. మా దగ్గర నెలకు ఇరవై రూపాయలు పెట్టాం. ఇరవై ఇచ్చిన అమ్మాయి ఫ్యాను తిరక్కపోతే వచ్చి నన్ను నిలదీసేది. దానం పుచ్చుకునేవాళ్లు అలా నిలదీయరు.

ఒక బాధ చెప్పి ముగిస్తాను. ఆ ఫారం పంపిన దాత నిధి, ఇవ్వడం మొదలుపెట్టిన మూడో ఏడు మార్చిలో ఆగింది. ఆరు నెలలు తాళం వేశాం. ఆ జులైలో మా గల్లీలో ఒక పుకారు లేచింది, ఒక పిల్ల గురించి. వట్టి అబద్ధం. కేంద్రం నడుస్తుంటే ఆ పిల్ల అడ్డా దగ్గరే కూర్చుని ఉండేది, చూసినవాళ్లు రెండు వైపులా ఉండేవాళ్లు. తాళం పడ్డ గదికి సాక్షులెక్కడ? రెండు దుకాణాలు పగిలాయి, ఒక కుర్రాడి చెయ్యి విరిగింది. ఆపా చాటుగా ఆ పిల్ల తల్లిని తన ఇంట్లో పెట్టుకుంది.

తర్వాత మళ్లీ తెరిచాం. ఇప్పుడున్న దాతల ఫారంలో మతం గడి కొట్టించేశాం, ఆ చోట ఏ గల్లీ అని అడుగుతున్నాం. గల్లీ పేర్లు చూస్తేనే ఎవరెవరు వస్తున్నారో మీకు తెలిసిపోతుంది, వాళ్లకేమో ఇంటి దారి చెప్పినట్టే ఉంటుంది.

ఇంటి అగ్రిమెంటు ఎప్పుడూ పదకొండు నెలలకే రాస్తారు. ఈసారి ఇంటాయన మూడేళ్లకు రాసిస్తానని ఒప్పుకున్నాడు. మూడేళ్ల అద్దె, ఇద్దరి జీతం, కరెంటు, అంతే లెక్క. కాగితం నా సంచిలో ఉంది. టీ దగ్గర చూపిస్తాను.