పాదిరీ, హెడ్మాస్టరూ ఒకే మనిషైతే: బందరులో రాబర్ట్ నోబుల్

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

బందరు నోబుల్ కాలేజీ పేరు తెలియని వాళ్లు ఇక్కడ తక్కువే. ఆ పేరు గల మనిషి రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్. 1809లో ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌లో పుట్టాడు, కేంబ్రిడ్జిలో చదివాడు, ఆంగ్లికన్ పాదిరి అయ్యాడు. చర్చి మిషనరీ సొసైటీ తరఫున 1841లో హెన్రీ ఫాక్స్‌తో కలిసి తెలుగు దేశానికి వచ్చాడు. ఇద్దరూ పని పంచుకున్నారు. ఫాక్స్ ఊళ్లు తిరిగి బోధించాలి, నోబుల్ బడి నడపాలి. ఫాక్స్ జబ్బుపడి స్వదేశం వెళ్లి 1848లోనే కన్నుమూశాడు.

నోబుల్ వచ్చీరాగానే బడి తెరవలేదు. రెండేళ్లు తెలుగు నేర్చుకున్నాకే, 1843 నవంబరులో తెరిచాడు. మొదటి రోజు వచ్చింది ఇద్దరే పిల్లలు. ఇంగ్లీషు చదువు తోపాటు బైబిలు పాఠం తప్పనిసరి. ఇంగ్లీషు వస్తే కచేరీలో కొలువు దొరుకుతుందని బైబిలును సహించి పంపిన తండ్రులే ఎక్కువ.

చిక్కంతా అక్కడే ఉంది. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. ఒకరు వెలమ కుటుంబపు అయినాల భూషణం, మరొకరు బ్రాహ్మణ కుటుంబపు మంచాల రత్నం. పాదిరిగా నోబుల్ పదేళ్లు ఎదురుచూసిన ఫలితమది. హెడ్మాస్టరుగా ఆయనకు దక్కింది మాత్రం ఖాళీ బెంచీలు. మతం మారినా ఆస్తి హక్కు పోదని 1850 నాటి 21వ చట్టం అప్పటికే చెప్పింది. కానీ తల్లిదండ్రుల భయం ఆస్తి గురించి కాదు. కొడుకు ఇక ఇంటి పంక్తిలో కూర్చోడు. పోయాక తలకొరివి పెట్టేవాడూ ఉండడు. ఆ భయాన్ని ఏ చట్టం తీర్చగలదు? బడి మళ్లీ నిండడానికి సమయం పట్టింది. తర్వాత ఆ ఇద్దరూ పాదిరులయ్యారు.

నోబుల్ చేసిన తప్పు ఒకటి కచ్చితంగా చెప్పాలి. అగ్రవర్ణాల వారు రావాలని మాల మాదిగల పిల్లలను బడిలో చేర్చుకోలేదు. ఇంగ్లండులో దొరల పిల్లలను వంటవాళ్ల పిల్లల పక్కన కూర్చోబెడతారా అన్నది ఆయన వాదం. దేవుడి ముందు అందరూ సమానమని బోధించే మనిషి గుమ్మం దగ్గరే కులాన్ని ఒప్పుకున్నాడు. ఆ కాలపు అవసరమని దీన్ని సమర్థించలేను. గుమ్మం బయట నిలబడ్డ పిల్లలకూ అది అదే కాలం.

ఆయన పట్టుదలను మాత్రం తక్కువ చేయలేం. పెళ్లి చేసుకోలేదు. ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారీ ఇంగ్లండు వెళ్లలేదు. 1864 నవంబరు 1 రాత్రి తుఫానుకు సముద్రం బందరు మీదికొచ్చి, సుమారు ముప్పై వేల మంది పోయారు. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే, 1865 అక్టోబరులో, నోబుల్ బందరులోనే కన్నుమూశాడు.

బడి కాలేజీ అయింది. తర్వాత సంఘసంస్కర్త రఘుపతి వెంకటరత్నం నాయుడు పాఠాలు చెప్పింది, కృష్ణాపత్రిక సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు, కాంగ్రెసు నాయకుడు పట్టాభి సీతారామయ్య చదువుకున్నది అక్కడే.