పిల్లలు ‘లేదు’ అన్నప్పుడు ఎవరు విన్నారు?

(స్టూడియో చర్చకు అక్షర రూపం. పాల్గొన్నవారు: పిల్లల మానసిక వైద్యురాలు, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులు వాదించే న్యాయవాది, అమెరికా కోర్టు కేసుల మీద రాసే జర్నలిస్టు.)

యాంకర్: నమస్కారం. ఈరోజు విషయం వినడానికి కష్టంగా ఉంటుంది. చిన్నపిల్లలు టీవీ ముందు ఉంటే దయచేసి పక్క గదిలోకి పంపండి. 1980ల్లో అమెరికాలో ఒక పెద్ద భయం పుట్టింది. సాతానును పూజించే రహస్య ముఠాలు ఉన్నాయని, ప్లేస్కూళ్లలో పసిపిల్లలను పూజల పేరుతో లైంగికంగా హింసిస్తున్నాయని, జంతువులనూ శిశువులనూ బలి ఇస్తున్నాయని చెప్పుకున్నారు. టీచర్లు, ఆయాలు, కొన్నిచోట్ల కన్నతల్లిదండ్రులే జైలుకు వెళ్లారు. ఇందులో నిజమెంత అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. సార్, మెక్‌మార్టిన్ కేసుతో మొదలుపెడదామా?

జర్నలిస్టు: మొదలుపెట్టాల్సింది అక్కడే. లాస్ ఏంజెలెస్ దగ్గర సముద్రం ఒడ్డున మన్‌హాటన్ బీచ్ అని ఒక ఊరు. అక్కడ మెక్‌మార్టిన్ అని మంచి పేరున్న ప్లేస్కూల్ ఉండేది. 1983 ఆగస్టులో ఒక తల్లి పోలీసుల దగ్గరికి వెళ్లి, రెండున్నరేళ్ల తన కొడుకును రే బకీ అనే టీచర్ పాడుచేశాడని చెప్పింది. రే ఆ స్కూలు పెట్టినావిడకు మనవడు. సెప్టెంబర్ 7న అరెస్టు చేశారు, ఆధారం లేక వదిలేశారు. మర్నాడు, అంటే 8న, పోలీసు చీఫ్ సుమారు 200 కుటుంబాలకు ఉత్తరం పంపాడు. అందులో రే పేరు ఉంది. ఫలానా ఫలానా పనులు జరిగాయేమో మీ పిల్లల్ని అడగండి అని ఉంది. ఆ పనులేమిటో కూడా రాసి ఉంది.

న్యాయవాది: ఒక్క నిమిషం. ఈ ఉత్తరం దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే మిగతాదంతా దీంట్లోంచే వచ్చింది. ఉత్తరం చదివిన తల్లి పరిస్థితి ఊహించండి. చేతులు వణుకుతాయి. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని అడుగుతుంది. ఆ పాప ‘లేదమ్మా’ అంటే తల్లికి మనసు నిలుస్తుందా? మళ్లీ అడుగుతుంది. రాత్రి పడుకునే ముందు ఇంకోసారి అడుగుతుంది. పక్కింటావిడ ఫోన్ చేసి ‘మా వాడు ఏదో చెప్పాడు’ అంటే మళ్లీ అడుగుతుంది. ఆ తల్లిని నేను తప్పు పట్టను. ఆ స్థానంలో ఉంటే నేనూ అలాగే అడిగేదాన్ని. కానీ అసలు విచారణ మొదలుకాకముందే 200 ఇళ్లలో విచారణ జరిగిపోయింది. ఎవరు ఏం అడిగారో, పిల్లలు మొదట ఏమన్నారో ఎక్కడా రికార్డు లేదు.

యాంకర్: తర్వాత పిల్లల్ని నిపుణుల దగ్గరికి పంపారు కదా?

జర్నలిస్టు: పంపారు. చిల్డ్రన్స్ ఇన్‌స్టిట్యూట్ ఇంటర్నేషనల్ అనే సంస్థ దాదాపు 400 మంది పిల్లలతో మాట్లాడింది. వాళ్లలో 360 మందిని పాడుచేశారని తేల్చింది. 1984 మార్చిలో ఏడుగురి మీద అభియోగాలు మోపారు. రే, అతని తల్లి పెగ్గీ, సోదరి, డెబ్బై దాటిన అమ్మమ్మ, ఇంకో ముగ్గురు టీచర్లు. పిల్లలు చెప్పినవాటిలో స్కూలు కింద సొరంగాలున్నాయి, విమాన ప్రయాణాలున్నాయి, కుందేళ్లను చంపడం ఉంది. ఫొటోలు చూపించి ఎవరో గుర్తుపట్టమంటే ఒక బాబు సినిమా హీరో చక్ నోరిస్‌ను చూపించాడు.

యాంకర్: డాక్టర్ గారూ, ప్రేక్షకుల తరఫున అడుగుతున్నాను. పసిపిల్లలు అబద్ధం చెప్పరని మనమందరం నమ్ముతాం. నిప్పు లేనిదే పొగ రాదంటారు. అంతమంది పిల్లలు ఒకే మాట చెబితే అందులో ఏమీ లేకుండా ఉంటుందా?

డాక్టర్: ఆ పిల్లలు అబద్ధం చెప్పారని నేను అనను. అబద్ధం అంటే తెలిసి చెప్పేది. నాలుగేళ్ల బిడ్డకు పెద్దవాళ్ల ముఖమే పుస్తకం. అడిగే మనిషికి ఏ జవాబు కావాలో ఆ ముఖంలో చదువుకుంటుంది. ఆ ఇంటర్వ్యూల వీడియోలు ఉన్నాయి, కోర్టులో చూపించారు కూడా. పిల్లలకు చేతికి తొడుక్కునే బొమ్మలిచ్చి, ఆ బొమ్మల చేత మాట్లాడించారు. ‘మీ ఫ్రెండ్స్ అందరూ చెప్పేశారు, నువ్వు కూడా తెలివైనదానివి కదా’ అనే ధోరణి. చెబితే మెచ్చుకోలు. ‘లేదు’ అంటే ముఖంలో నిరాశ, మళ్లీ అదే ప్రశ్న. ‘జరిగి ఉంటే ఎలా జరిగి ఉంటుందో ఊహించి చెప్పు’ అని అడగడం. పిల్లలు ముందు ‘లేదు’ అన్నారమ్మా. చాలామంది మొదట అన్నది అదే. ‘పిల్లల్ని నమ్మండి’ అని ఉద్యమం చేసినవాళ్లు ఆ ‘లేదు’ను మాత్రం నమ్మలేదు.

న్యాయవాది: నిజం. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

డాక్టర్: దీని మీద 1998లో టెక్సాస్‌లో ఒక ప్రయోగం జరిగింది. ఒక యువకుడు పిల్లల తరగతికి వచ్చి కథ చెప్పి వెళ్లాడు. వారం తర్వాత, అతను చేయని పనులు చేశాడా అని పిల్లల్ని అడిగారు. వట్టి సూచించే ప్రశ్నలతో అడిగినప్పుడు 17 శాతం జవాబులు ‘అవును’. మెక్‌మార్టిన్ టేపుల్లో ఉన్న పద్ధతులు, అంటే మెచ్చుకోవడం, ‘మిగతావాళ్లు చెప్పేశారు’ అనడం, ఇవన్నీ కలిపి అడిగితే 58 శాతం ‘అవును’. వాళ్లు మామూలు పిల్లలు. వాళ్లకు భయం లేదు, ఊళ్లో పుకార్లు లేవు. ఇక మన్‌హాటన్ బీచ్‌లో నెలల తరబడి అమ్మానాన్నల ఏడుపు మధ్య ఉన్న పిల్లల సంగతి ఆలోచించండి.

యాంకర్: కేసు చివరికి ఏమైంది?

జర్నలిస్టు: 1986 జనవరిలో కొత్త డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే అక్కడి ప్రధాన ప్రాసిక్యూటర్, ఐదుగురి మీద కేసు ఎత్తేశాడు. ఆధారాలు మరీ బలహీనంగా ఉన్నాయన్నాడు. మొదట ఫిర్యాదు చేసిన తల్లి మానసికంగా బాగా దెబ్బతిని ఉంది. రే గాల్లో ఎగిరాడని కూడా ఆమె చెప్పింది. విచారణ మొదలుకాకముందే 1986లో చనిపోయింది. 1990 జనవరిలో పెగ్గీ నిర్దోషిగా బయటపడింది. రే మీద చాలా అభియోగాలు వీగిపోయాయి. మిగిలిన కొన్నిటి మీద మళ్లీ విచారణ జరిపితే జ్యూరీ తేల్చలేకపోయింది, దాంతో కేసు వదిలేశారు. ఏడేళ్లు, కోటిన్నర డాలర్లు, ఒక్క శిక్ష కూడా లేదు. రే మాత్రం శిక్ష లేకుండానే ఐదేళ్లు జైల్లో ఉన్నాడు.

న్యాయవాది: ఇక్కడ సార్ ఒక సంగతి వదిలేశారు. 1990లో తీర్పు తర్వాత మీడియాతో మాట్లాడిన జ్యూరీ సభ్యుల్లో ఎక్కువమంది ఏమన్నారు? కొందరు పిల్లలకు ఏదో జరిగిందనే మేం నమ్ముతున్నాం, కానీ ఎవరు చేశారో ఈ సాక్ష్యంతో చెప్పలేం అన్నారు. అంటే ఆ ఇంటర్వ్యూలు నిర్దోషులను ఇరికించడమే కాదు, ఒకవేళ ఏ బిడ్డకైనా నిజంగా అన్యాయం జరిగి ఉంటే ఆ నిజాన్ని కూడా పూడ్చేశాయి. ‘అదంతా వట్టి పిచ్చి భయం’ అని ఒక్క మాటతో తీసిపారేయడానికి నేను ఒప్పుకోను. బ్రౌన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రాస్ చీట్ ఏళ్ల తరబడి పాత కోర్టు రికార్డులు తిరగేసి 2014లో ఇదే వాదించారు. కొన్ని కేసుల్లో గట్టి ఆధారాలు ఉన్నాయని, అన్నిటినీ ఒకే గాటన కట్టేశారని అన్నారు.

జర్నలిస్టు: చీట్ వాదన పిల్లలపై అత్యాచారాల గురించి మేడమ్, సాతాను ముఠాల గురించి కాదు. ఈ రెండిటినీ కలపడమే అసలు ప్రమాదం. ముఠాలున్నాయా అని వెతికినవాళ్లు తక్కువమంది కాదు. ఎఫ్‌బీఐలో కెన్నెత్ లానింగ్ అనే అధికారి పిల్లలపై నేరాల నిపుణుడు. మొదట్లో ఆయన కూడా ఈ ఆరోపణలను నమ్మే ధోరణిలోనే ఉన్నాడు. ఏళ్లపాటు చూశాక 1992లో నివేదిక రాశాడు. దేశమంతా విస్తరించిన ముఠాలు, నరబలులు అంటున్నారు, మరి శవాలేవి? ఇంతమంది కలిసి చేసిన నేరంలో ఒక్కడైనా విడిపోయి బయటపెట్టకుండా ఉంటాడా? ఇవి పోలీసు అడగాల్సిన మామూలు ప్రశ్నలు. 1994లో మనస్తత్వ శాస్త్రవేత్త గెయిల్ గుడ్‌మన్ బృందం ప్రభుత్వం కోసం 12,000కు పైగా ఆరోపణలను పరిశీలించింది. వ్యవస్థీకృతమైన సాతాను ముఠా ఉందని రుజువైన కేసు ఒక్కటీ దొరకలేదు.

డాక్టర్: ఇంగ్లండ్‌లో జరిగిన పరిశీలన కూడా చెప్పాలి. ఆంత్రపాలజిస్టు జీన్ లా ఫాంటెయిన్ 1994లో 84 కేసులు చూశారు. మూడింటిలో పూజల వంటి తంతుకు ఆధారం దొరికింది. కానీ అక్కడ కూడా సాతాను మతం అంటూ ఏమీ లేదు. పాడుచేసినవాడు పిల్లలను భయపెట్టి లొంగదీసుకోవడానికి ఆ తంతును వాడుకున్నాడు. ఇది మనకు బాగా అర్థమవుతుంది. మన దగ్గర దొంగ బాబాలు చేసేది ఇదే కదా? నిమ్మకాయలు, పసుపు కుంకుమ, ముగ్గు అన్నీ పైపైనే. అసలు పని వేరు.

యాంకర్: మన దగ్గర అన్నారు కాబట్టి అడుగుతున్నాను. బాణామతి, చేతబడి ఆరోపణలతో దీన్ని పోల్చవచ్చా?

డాక్టర్: కొంతవరకే. తెలంగాణ పల్లెల్లో చేతబడి చేశాడన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మనం చదివాం. ఊరంతా ఒకేసారి నమ్మడం, అడ్డు చెప్పినవాడిని కూడా వాళ్లలో కలిపేయడం, ఇది రెండుచోట్లా ఒకటే. తేడా ఏమిటంటే, అక్కడ నమ్మింది ఊరు మాత్రమే కాదు. చదువుకున్న డాక్టర్లు, కౌన్సెలర్లు, ప్రాసిక్యూటర్లు, టీవీ చానళ్లు అందరూ నమ్మారు. నా వృత్తిలోని వాళ్లే దీనికి శాస్త్రం ముసుగు వేశారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

జర్నలిస్టు: మా వృత్తిదీ అదే కథ. 1984లో ఒక టీవీ చానల్ ఈ వార్త బయటపెట్టింది, మిగతావాళ్లు వెంటపడ్డారు. లాస్ ఏంజెలెస్ టైమ్స్ విలేఖరి డేవిడ్ షా తర్వాత తన సొంత పత్రికతో సహా అందరూ ఎలా రాశారో విప్పి చెప్పాడు. దానికి 1991లో పులిట్జర్ అనే పెద్ద జర్నలిజం అవార్డు వచ్చింది. కానీ అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

యాంకర్: వేరే ఊళ్లలో జరిగినవి కూడా క్లుప్తంగా చెప్పండి.

జర్నలిస్టు: టెక్సాస్‌లో ఆస్టిన్ గురించి చెబుతాను. అక్కడ ఇప్పుడు మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. డాన్, ఫ్రాన్ కెల్లర్ అనే దంపతులు ఇంట్లోనే డేకేర్ నడిపేవాళ్లు. పిల్లలను శ్మశానాలకు తీసుకెళ్లారని, విమానంలో మెక్సికో తీసుకెళ్లారని ఆరోపణలు. 1992లో చెరో 48 ఏళ్లు శిక్ష పడింది. ఒకే ఒక్క వైద్య సాక్ష్యం ఉంది. పాపను పరీక్షించిన డాక్టర్, గాయం ఉందని చెప్పాడు. ఏళ్ల తర్వాత ఆయనే, అది గాయం కాదు, పిల్లల్లో సహజంగా ఉండేదే, నేను పొరబడ్డాను అని ఒప్పుకున్నాడు. 2013లో వాళ్లు బయటికొచ్చారు. నిర్దోషులని 2017లో ప్రకటించారు. 21 ఏళ్లు, మేడమ్. 

న్యాయవాది: ఆ డాక్టర్ ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఒప్పుకోనివాళ్లే ఎక్కువ.

డాక్టర్: నేను స్కాట్లండ్ సంగతి చెప్పాలి. ఎందుకంటే ఎప్పుడూ పెద్దవాళ్ల జైలు గురించే మాట్లాడతాం. 1991 ఫిబ్రవరి 27 తెల్లవారుజామున ఆర్క్‌నీ దీవుల్లో సోషల్ వర్కర్లు, పోలీసులు నాలుగు కుటుంబాల ఇళ్లకు వెళ్లి తొమ్మిది మంది పిల్లలను తీసుకెళ్లిపోయారు. 8 నుంచి 15 ఏళ్ల పిల్లలు. ఐదు వారాలు ఇంటికి దూరంగా ఉంచి ప్రశ్నించారు. ఏప్రిల్ 4న కోర్టు కేసు కొట్టేసి ఇంటికి పంపింది. వాళ్లను కాపాడుతున్నామనే అనుకున్నారు. నిద్రలేపి తీసుకెళ్లిన ఆ ఉదయాన్ని ఆ పిల్లలు ఎలా గుర్తుంచుకుంటారు?

యాంకర్: లాయర్ గారూ, వీటి నుంచి చట్టాలు ఏమైనా మారాయా?

న్యాయవాది: మారాయి. ఇప్పుడు చాలా దేశాల్లో పిల్లలతో మాట్లాడే పద్ధతి వేరు. ‘ఏం జరిగిందో నీ మాటల్లో చెప్పు’ అని అడిగి ఆగాలి. రికార్డు చేయాలి. మన పోక్సో చట్టం 2012లో వచ్చింది. 24వ సెక్షన్ ప్రకారం స్టేట్‌మెంట్ బిడ్డ ఇంట్లోనో, బిడ్డకు ఇష్టమైన చోటో తీసుకోవాలి. పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. కోర్టులో లాయర్లు నేరుగా బిడ్డను ప్రశ్నించకూడదు, జడ్జి ద్వారా అడగాలి. కానీ చట్టంలో ఉన్నది వేరు, జరిగేది వేరు. నేను చూసిన ఒక కేసులో ఆరేళ్ల పాప స్టేషన్‌కు వచ్చేసరికే అమ్మ, నానమ్మ, మేనత్త, స్కూలు హెడ్మాస్టరు, ఊరి పెద్ద, ఇంతమంది అడిగేశారు. పాప చెప్పిన కథ ప్రతిసారీ కొంచెం మారింది. డిఫెన్స్ లాయర్ ఆ తేడాలే పట్టుకున్నాడు. ముద్దాయి తప్పు చేశాడని నాకు ఇప్పటికీ నమ్మకం. కేసు ఓడిపోయాం.

యాంకర్: ఒక కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా, పేరు వద్దు.

కాలర్: నమస్కారమండీ. మా పాపకు ఐదేళ్లు. మొన్న ట్యూషన్ నుంచి వచ్చి, అంకుల్ ఒళ్లో కూర్చోబెట్టుకుంటే నాకు నచ్చలేదు అంది. నాకు అప్పటినుంచి టెన్షన్. నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?

డాక్టర్: ముందు ట్యూషన్ మాన్పించండమ్మా. పాప మీకు చెప్పింది కదా, ‘చెప్పి మంచి పని చేశావు’ అనండి. మీ కంగారు పాప ముందు కనపడనివ్వకండి. ‘ఇక్కడ ముట్టుకున్నాడా, అక్కడ ముట్టుకున్నాడా’ అని మాత్రం అడగొద్దు. తనంతట తాను చెబితే వినండి. ఏమీ లేదంటే ఆ మాట కూడా నమ్మండి.

న్యాయవాది: అనుమానం ఉంటే 1098కి ఫోన్ చేయండి. అది పిల్లల హెల్ప్‌లైన్. రుజువులు వెతకడం మీ పని కాదు, అది వాళ్లు చూసుకుంటారు.

కాలర్: అయ్యో, నేను ఇప్పటికే నాలుగైదుసార్లు గుచ్చి గుచ్చి అడిగేశానండీ...

డాక్టర్: ఫర్వాలేదమ్మా, ఏ తల్లయినా అడుగుతుంది. ఇక ఆపేయండి, చాలు. ఇప్పుడే ఒక కాగితం తీసుకుని, పాప మొదటిసారి ఏ మాటలతో చెప్పిందో అవే మాటలు రాయండి. ఆ తర్వాత మీరు ఏమేం అడిగారో, తను ఏమందో అది కూడా రాయండి. ‘లేదు’ అని ఉంటే అది కూడా.

కాలర్: రాస్తానండీ. మొదట లేదనే అంది.