యౌవనస్థుల కూడికలో లోకసంబంధమైన పాట

సంఘ పెద్దలకు, కాపరులకు, యౌవనస్థుల కూడికలను నడిపిస్తున్న సహోదర సహోదరీలకు నా వందనాలు.

ఈ పూట నాకు అప్పగించిన అంశం చాలా సంఘాల్లో మాటామాటా పెరగడానికి కారణమైనదే. రేడియోలోనూ ఫోన్లలోనూ మోగే పాటలకు, మనం లోకసంబంధమైనవని పిలిచే ఆ పాటలకు, సంఘంలోని యౌవనస్థుల కూడికలో చోటు ఉండవచ్చునా? నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆరాధనలో ఉండకూడదు, పిల్లల్ని రప్పించే ఎరగా అసలే ఉండకూడదు, కానీ వాక్యం తెరిచి కూర్చుని మాట్లాడుకునే సమయంలో ఉండవచ్చు, నన్నడిగితే ఉండాలి కూడా.

ఆరాధనలో పాట వినడానికి కాదు, పలకడానికి ఉంటుంది. కూడినవారందరి నోటా ఒకే మాట పెట్టి, దానిని దేవునికి అర్పిస్తాం. ‘ఆత్మతో పాడుదును, మనస్సుతోను పాడుదును’ అని పౌలు కొరింథీయులకు రాశాడు గనుక, అర్పించే మాట మనస్సు ఎరిగి ఒప్పుకున్న మాటై ఉండాలి. ప్రేయసి కోసం రాసిన పాటలో ‘నువ్వు’ అన్నచోటల్లా దేవుణ్ణి తలుచుకుంటే సరిపోతుందనే వాదన నాకు మింగుడుపడదు. అది ఆ పాట రాసినవాడికీ అన్యాయమే.

మాటలు మార్చి బాణీ ఒక్కటే ఉంచుకుంటే తప్పేమిటని కొందరు అడుగుతారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకుని, అందరికీ నోటికి వచ్చిన ఒక పాట బాణీలో స్తుతి గీతం రాసి కూడికలో పాడించాను. మొదటి చరణం బాగానే సాగింది. పల్లవి మళ్లీ వచ్చేసరికి వెనుక వరుసలో ఇద్దరు కుర్రవాళ్లు మోచేతులతో పొడుచుకుంటూ నవ్వు ఆపుకోలేకపోయారు. వాళ్ల పెదవుల మీద కదులుతున్నవి నేను రాసిన మాటలు కావు. నాకు వాళ్ల మీద కోపం రాలేదు గాని, రాత్రంతా కూర్చుని రాసిన నా గీతం మీద జాలి కలిగింది.

ఇదే ఇబ్బంది జర్మనీలో సంఘ సంస్కరణకు నడుం కట్టిన మార్టిన్ లూథర్‌కూ ఎదురైనట్టుంది. 1535లో అచ్చయిన తన క్రిస్మస్ పాట ఒకదానికి ఆయన జనం పాడుకునే పొడుపుకథల పాట బాణీనే వాడాడు. 1539 నాటికి దానిని పక్కనపెట్టి కొత్త బాణీ పెట్టాడు. అయితే మరొక ఉదాహరణ ఎదురుగా నిలుస్తుంది. హాన్స్ లియో హాస్లర్ అనే జర్మన్ స్వరకర్త 1601లో ప్రచురించిన ఒక ప్రేమగీతపు బాణీ, క్రీస్తు శిరస్సు మీది గాయాలను ధ్యానించే కీర్తనకు అమరింది. తరువాతి కాలపు జర్మన్ సంగీతకర్త బాఖ్ దానిని మత్తయి సువార్త శ్రమల సంగీతంలో మళ్లీ మళ్లీ వాడాడు. నేడు దానిని పాడే సంఘాల్లో ఆ ప్రేమగీతం ఎంతమందికి గుర్తుంది? బాణీకి ఉన్న పాత జ్ఞాపకం చెరిగిపోతుంది, కాని దానికి కాలం పడుతుంది. ఈ ఏడాది పిల్లల చెవుల్లో హోరెత్తుతున్న పాటకు ఆ కాలం ఇంకా గడవలేదు.

ఎర సంగతి క్లుప్తంగా చెబుతాను. గుమ్మం దగ్గర హుషారైన పాటలు మోగించి, అరగంట తరువాత వాటినే ఖండిస్తూ ప్రసంగిస్తే, పదహారేళ్లవాడికి ఆ కపటం మనకంటే ముందే అర్థమవుతుంది.

ఇక మాట్లాడుకోవడం. ఏథెన్సులో అరేయొపగు అనే సభ మధ్య నిలిచి పౌలు ‘మనమాయన సంతానము’ అన్న మాటను గ్రీకు కవుల నుండి ఎత్తి చూపాడు. ఆ పాదం అరాటస్ అనే కవిది; పౌలులాగే కిలికియ ప్రాంతంవాడు. అతడు దానిని రాసింది గ్రీకుల ప్రధాన దేవుడైన జ్యూస్‌ను గురించి. పౌలు ఆ పాదాన్ని ఆరాధనలో పాడలేదు, వినేవారి చేతిలో ఉన్నదానిని పట్టుకుని వాదించాడు. అందులో నిజం ఎంతవరకు ఉందో ఒప్పుకుని, ఆ వెంటనే విగ్రహాల విషయంలో వారితో విభేదించాడు. అంతకంటే ముందు అతడు ఆ కవిత్వాన్ని చదివి ఉండాలి, లేదా కనీసం విని ఉండాలి. మనలో చాలామంది పాటను వినకుండానే తీర్పు చెబుతాం.

మా కూడికలో నెలకొకసారి ఒకరు తమకు నచ్చిన పాట తెస్తారు. వారం ముందే అది నాకు చేరుతుంది. నేను పూర్తిగా విన్నాకే తక్కినవారికి వినిపిస్తాం. తరువాత ప్రతి ఒక్కరూ సాహిత్యాన్ని కాగితం మీద చేత్తో రాస్తారు. చేత్తో రాయమనడంలోనే కిటుకు ఉంది. ఒకసారి ఒక అమ్మాయి రెండో చరణం రాస్తూ కలం ఆపి, ‘అన్నా, ఈ పాట ఏడాదిగా పాడుతున్నాను, ఇందులో వాడు ఆ పిల్లను బెదిరిస్తున్నాడని ఇప్పుడే చూశాను’ అంది. ఆ సాయంత్రం నేను వేరే బోధ చేయనక్కర లేకపోయింది.

అన్నిసార్లూ తప్పులే దొరుకుతాయని కాదు. ఇంట్లో చావు చూసిన ఒక కుర్రవాడు తెచ్చిన పాటలో ఎక్కడా ఓదార్పు లేదు, దేవుని పేరు లేదు. ఇంత నిరాశ సంఘంలోకి ఎందుకని ఒక తల్లి నన్ను నిలదీసింది. మేము 88వ కీర్తన తెరిచాం. అది మొరతో మొదలై, చీకటే తనకు మిగిలిన బంధువన్న మాటతో ముగుస్తుంది. చివర స్తుతి లేదు. అటువంటి కీర్తనకు పరిశుద్ధ గ్రంథంలో చోటుందని ఆ కుర్రవాడికి అంతవరకు తెలియదు, ఎందుకంటే మనం పాడించే పాటల్లో అటువంటిది ఒక్కటీ లేదు.

కొందరికి మాత్రం పాట అంటే పాట ఒక్కటే కాదు. ‘అన్ని విషయములయందు నాకు స్వాతంత్ర్యము కలదు గాని అన్నియు చేయదగినవి కావు’ అన్న పౌలు మాట ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. తాగుడు మానుకుని మా మధ్యకు వచ్చిన ఒక యువకుడు, రాబోయే నెల పాట పేరు వినగానే ముఖం మాడ్చుకుని బయటికి వెళ్లాడు. ఆ పాట మోగే చోటే తను రాత్రులు గడిపేవాడినని తరువాత నాతో చెప్పాడు. అతని పేరెత్తకుండా, ఆ పాట వద్దనుకుంటున్నామని మాత్రం పిల్లలతో అన్నాను. దానిని ఎంచుకున్న అమ్మాయి ఎందుకని అడగలేదు. గోడ మీది కాగితం దగ్గరికి వెళ్లి, తన పాట పేరు తానే కొట్టేసి, దాని కింద ఇంకొకటి రాసింది.