ముగ్గురికి తగ్గకుండా

సభకు నమస్కారం.

బొగ్గు గని అనగానే మన కళ్ల ముందు మెదిలేది తలకు దీపం కట్టుకున్న మగవాడు. కరెంటు స్తంభం మీద ఊహించుకునేదీ మగవాడినే. ఇది మొదటినుంచీ ఉన్న ఏర్పాటేనన్నట్టు మాట్లాడుకుంటాం గానీ, చరిత్ర అలా చెప్పదు. 20వ శతాబ్దపు తొలి దశకాల్లో ఝరియా, రాణీగంజ్ గనుల్లో భర్త బొగ్గు తవ్వితే భార్య దాన్ని తట్టకెత్తి మోసేది. సంతాల్, బౌరి కుటుంబాల్లో ఆలుమగలిద్దరూ భూగర్భంలోకి దిగేవారు. ఆ స్త్రీలను అక్కడ ‘కామిన్’లు అనేవారు. 1929లో వచ్చిన నిబంధనలు వారిని క్రమంగా భూగర్భం నుంచి తప్పించాయి. అయితే రెండో ప్రపంచ యుద్ధకాలంలో బొగ్గుకు కటకట ఏర్పడగానే, 1943లో ప్రభుత్వమే ఆ నిషేధాన్ని పక్కన పెట్టి, యుద్ధం ముగిశాక 1946లో మళ్లీ విధించింది. గనిలో వారి బతుకు దుర్భరంగా ఉండేదన్నది నిజమే, నిషేధం కోరినవారిలో సదుద్దేశం గలవారూ ఉన్నారు. కానీ ఆ దుర్భర పరిస్థితి మగవారికీ ఉండేది కదా!

స్వతంత్ర భారతంలో 1952 నాటి గనుల చట్టం, తన 46వ సెక్షన్ ద్వారా, స్త్రీలను భూగర్భ పనికి పూర్తిగా దూరం పెట్టింది. ఉపరితలంలోనూ ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకే అనుమతించింది. దీని ప్రభావం కూలి పనితో ఆగలేదు. భూగర్భ గనికి మేనేజరు కావాలంటే గనుల భద్రతా విభాగం ఇచ్చే యోగ్యతా పత్రం ఉండాలి, ఆ పత్రం రావాలంటే భూగర్భంలో పనిచేసిన అనుభవం ఉండాలి. భూగర్భంలోకి దిగనివ్వని మనిషికి ఆ అనుభవం ఎక్కడిది? నేలపైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనులకు మాత్రమే చెల్లే పరిమిత పత్రంతో సరిపెట్టుకోవలసిందే. పై పదవుల్లో ఆడవారు లేకపోవడానికి వారి ఆసక్తి లోపమే కారణమని చెప్పేవారు ఈ మెలికను ఒక్కసారి చూడాలి.

2019లో కేంద్ర ప్రభుత్వం ఒక నోటిఫికేషన్‌తో ఈ తలుపు తెరిచింది. ఆ నోటిఫికేషన్‌ను నేను ఇష్టంగానే చదివాను, చదివిన కొద్దీ అనుమానాలూ పెరిగాయి. ఉపరితలంలో, ఓపెన్‌కాస్టులో రాత్రి షిఫ్టుకు అనుమతి ఇచ్చింది. భూగర్భంలో మాత్రం ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకే, అదీ నిరంతరం ఉండనవసరం లేని సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల్లోనే. అంటే ఇంజనీరుగా చదువుకున్న అమ్మాయి దిగవచ్చన్నారు, కూలి పనికి జనరల్ మజ్దూర్‌గా చేరిన ఆమె దిగకూడదన్నారు. ఒకప్పుడు తట్ట మోసిన కామిన్ మనవరాలికి ఈ తలుపు అప్పటికీ మూసే ఉంది. మరొక షరతు, స్త్రీలను ఒక షిఫ్టులో ముగ్గురికి తగ్గకుండా నియమించాలన్నది. రక్షణ కోసం పెట్టిన షరతే, కాదనను. కానీ ఒక గనిలో అర్హత గల ఆమె ఒక్కరే ఉంటే ఏమవుతుంది? మిగతా ఇద్దరు దొరికేదాకా ఆ ఒక్కరూ ఆఫీసు గదిలో కాగితాలు చూసుకుంటూ కూర్చోవలసి వస్తుంది. ముగ్గురిని ఒకేసారి తీసుకునే ప్రణాళిక యాజమాన్యానికి ఉంటే ఈ షరతు అండగా నిలుస్తుంది, ఆ ప్రణాళిక లేకపోతే అదే సాకుగా మారుతుంది.

మన సింగరేణి సంగతికి వస్తే, గనిని ‘బాయి’ అని పిలిచే ఆ ఊళ్లలో ఉద్యోగం ఇంటి ఆస్తి లాంటిది. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కి, కొడుకు లేకపోతే అల్లుడికి ఆ నౌకరీ దక్కేది. అందువల్ల కూతురు పేరు మీదుగా వచ్చిన ఉద్యోగం కూతురికి కాక పెళ్లి మాటల్లో భాగమైపోయేది. ఇప్పుడు కూతుళ్లు కూడా చేరుతున్నారు. అయితే 1990ల తొలినాళ్లలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఈనాడు దాదాపు 40 వేలకు కుదించుకుపోయింది. ఆడపిల్లకు వంతు వచ్చేసరికి పంక్తిలో విస్తళ్లు తగ్గాయి.

విద్యుత్ పంపిణీలో తెలంగాణ అనుభవం కొంత ఉత్సాహం కలిగిస్తుంది. జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు స్త్రీలు అర్హులు కారన్నప్పుడు కొందరు యువతులు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు ఆదేశంతో 2020లో స్తంభం ఎక్కే పరీక్షకు హాజరై, నెగ్గి, ఉద్యోగం సంపాదించారు. ఆ పోస్టు పేరులో ‘మన్’ ఉన్నందుకు వారు పట్టించుకున్నట్టు లేదు.

ఇక అందరూ ఆశగా చూస్తున్న సౌర, పవన విద్యుత్తు రంగం. అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం పునరుత్పాదక రంగ ఉద్యోగుల్లో స్త్రీలు 32 శాతం, చమురు–సహజవాయు రంగంలో 22 శాతం. ఈ అంకెలు చూసి మురిసిపోయే ముందు, మన దేశంలో ఇంటికప్పు సౌర విద్యుత్తు రంగంలో స్త్రీలు సుమారు 11 శాతమేనని అదే ఏడాది మరో అధ్యయనం తేల్చిన సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక్కడే నా అసలు ఆందోళన. బొగ్గు రంగం ప్రధానంగా ప్రభుత్వ సంస్థలది. అందులో దళితులకు, ఆదివాసులకు, వెనుకబడిన తరగతులకు రిజర్వేషన్ ఉంది, యూనియన్ ఉంది, కారుణ్య నియామకం ఉంది. కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలు ఈ దారినే ఒక మెట్టు ఎక్కాయి. సౌర విద్యుత్తు చాలా వరకు ప్రైవేటు కంపెనీల చేతిలో ఉంది. అక్కడ రిజర్వేషన్ వర్తించదు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ‘గని’ అనే ఊరు, శకునాల గ్రామం దగ్గర వెలసిన 1,000 మెగావాట్ల సౌర పార్కు వంటి చోట్ల, నిర్మాణం పూర్తయ్యాక స్థానికులకు మిగిలేవి ఎక్కువగా పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా కాయడం వంటి కాంట్రాక్టు పనులు. బొగ్గు నుంచి సూర్యరశ్మికి మారే క్రమంలో పొగ తగ్గుతుంది, దానితో పాటు ఎవరెవరికి చోటు పోతోందో లెక్కించేవారు లేరు.

ఈ సభలో టెండరు పత్రాలు రాసే అధికారులు ఉన్నారు కనుక వారికే చెబుతున్నాను. ఆ పత్రాల్లో ఎన్ని మెగావాట్లు, ఎన్ని నెలలు, యూనిట్ ధర ఎంత అన్న గడులున్నాయి. స్త్రీలెందరు, ఏ సామాజిక వర్గాల వారెందరు, స్థానికులెందరు, వారిలో పర్మనెంటు ఎందరు, కాంట్రాక్టు ఎందరు అన్న గడి కూడా చేర్చి, ఏటా ఆ వివరాలు ప్రకటించాలన్న షరతు పెట్టండి. వచ్చే టెండరుతోనే మొదలుపెట్టవచ్చు.