రివెట్ వంకరపోయిందని వెంటనే డ్రిల్ అందుకోకండి

నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడుతున్నాను. కిట్ రూపంలో వచ్చే చిన్న విమానాన్ని ఇంటి దగ్గరే కట్టుకునేవారు పనిలో దొర్లిన పొరపాట్లను ఎలా సరిదిద్దుకోవాలన్నది ఈరోజు విషయం. మన దేశంలో ఈ అభిరుచి అరుదే గాని, లేకపోలేదు. ముంబయికి చెందిన పైలట్ అమోల్ యాదవ్ తమ భవనం డాబా మీద సొంత రూపకల్పనతో ఆరు సీట్ల విమానాన్ని కట్టి, ఏళ్ల తరబడి తిరిగి 2017లో దానికి రిజిస్ట్రేషన్ సాధించారు. కేరళకు చెందిన అశోక్ తామరాక్షన్ ఇంగ్లండులో ఉంటూ, దక్షిణాఫ్రికా సంస్థ స్లింగ్ పంపిన కిట్‌తో నాలుగు సీట్ల విమానాన్ని తయారుచేసుకుని కుటుంబంతో సహా యూరప్ దేశాలు చూసి వచ్చారు. ఆ వార్త 2022లో మన పత్రికల్లోనూ కనిపించింది.

అల్యూమినియం కిట్లలో రేకులను కలిపి బిగించే చిన్న లోహపు మేకులు, అంటే రివెట్లు, వేలకొద్దీ ఉంటాయి కనుక, తప్పుల్లో అధికభాగం వాటి దగ్గరే జరుగుతుంది. అయితే నా దృష్టిలో అసలు నష్టం మొదటి తప్పుతో రాదు. దాన్ని వెంటనే చెరిపేయాలన్న ఆత్రంతో వస్తుంది. ధర్మవరం మగ్గం మీద పోగు తెగితే నేతగాడు దాన్ని అక్కడికక్కడే అతికి ముందుకు సాగగలడు గాని, రేకులో ఒకసారి పెద్దదైన రంధ్రాన్ని మళ్లీ చిన్నది చేయడం ఎవరి తరమూ కాదు.

అందుచేత ముందు కొలవాలి. తెరపై కనిపిస్తున్నది సాధన కోసం తీసుకున్న రేకు ముక్క. ఇందులోని రివెట్ల వ్యాసం 1/8 అంగుళం, అంటే సుమారు 3.2 మిల్లీమీటర్లు. దిగ్గొట్టిన తరువాత వెనుకవైపు ఏర్పడే తల వెడల్పు రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు వ్యాసంలో సగం ఉండాలన్నది సాధారణ ప్రమాణం. ఈ కొలతలో అది దాదాపు 4.8 మిల్లీమీటర్ల వెడల్పు, 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. తల కొంచెం పక్కకు ఒరిగినా, ఈ కొలతలు అందుతూ, పగులు లేకుండా, రేకుల మధ్య సందు లేకుండా ఉంటే, దాన్ని కదిలించకపోవడమే మేలని అనుభవజ్ఞులు చెబుతారు. చూడటానికి బాగాలేదన్న కారణం ఒక్కటే ఉంటే డ్రిల్ అందుకోవద్దు.

తీయక తప్పని రివెట్ అయితే, ముందువైపు తల మధ్యలో పంచ్‌తో చిన్న గుంట పెట్టి, రివెట్ కంటే కాస్త సన్నని బిట్‌తో తల లోతు మేరకే తొలచాలి. బిట్ రేకు దాకా పోకూడదు. తరువాత ఆ రంధ్రంలో సన్నని పిన్ పంచ్ పెట్టి పక్కకు వంచితే తల ఊడివస్తుంది. మిగిలిన కాడను బయటకు తట్టేటప్పుడు వెనుక రేకు వంగకుండా, రివెట్ తోక దూరేంత చిల్లి ఉన్న చెక్క ముక్కను ఆనించి పట్టుకోవాలి. ఇక్కడ ఓపిక నశించి నేరుగా ఈ చివరి నుంచి ఆ చివరికి తొలిచేసినవారికి సాధారణంగా దొరికేది 8 అంకె ఆకారంలో సాగిన రంధ్రం.

అలా సాగిన రంధ్రానికి పై సైజు రివెట్ వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కొన్నిచోట్ల సరిపోతుంది కూడా. కాని రంధ్రం మధ్య నుంచి రేకు అంచు వరకు కనీసం వ్యాసానికి రెండు రెట్లు దూరం ఉండాలన్న నియమం ఒకటుంది. 3.2 మిల్లీమీటర్ల రివెట్‌కు 6.4 మిల్లీమీటర్ల అంచు చాలు. దాని బదులు 4 మిల్లీమీటర్లది వేస్తే 8 మిల్లీమీటర్లు కావాలి. రెక్కకు ఆకారమిచ్చే అడ్డపట్టీ అయిన రిబ్ అంచు మడత ఇరుకుగా ఉన్నచోట ఆ దూరం దొరకదు. అప్పుడు రంధ్రం నిండినట్టు కనిపిస్తుంది గాని, బలం తగ్గుతుంది. రెక్కకు వెన్నెముక అయిన స్పార్ మీద ఇలాంటిది జరిగితే సొంత నిర్ణయం అసలు పనికిరాదు. ఫోటోలు, కొలతలు కిట్ తయారీదారుకు పంపి, వారి నుంచి రాతపూర్వకమైన సమాధానం వచ్చేదాకా ఆ భాగాన్ని ముట్టుకోకూడదు.

మన సీమ ఎండకు సంబంధించిన సంగతి ఒకటి విదేశీ వీడియోల్లో అంతగా వినిపించదు. అల్యూమినియం వేడికి బాగా సాగుతుంది: రెండు మీటర్ల రేకు 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.9 మిల్లీమీటరు పొడవు పెరుగుతుంది. మే నెలలో రేకును ఎండ తగిలేచోట ఆరబెట్టి, నీడలో ఉన్న చట్రం మీద తెచ్చి పెడితే, చివరి రంధ్రాలు కలవవు. ఫ్యాక్టరీలో తప్పు తొలిచారనుకుని వాటిని పెద్దవి చేశారా, లేని తప్పును మీరే పుట్టించినట్టు. రెండింటినీ ఒకే గదిలో కొన్ని గంటలు ఉంచి, క్లెకోలతో, అంటే రంధ్రాల్లో తాత్కాలికంగా పెట్టే స్ప్రింగు పిన్నులతో, బిగించి చూసిన తరువాతే రంధ్రాల సంగతి తేల్చాలి.

ఇంధన ట్యాంకు అతుకులు కారకుండా పూసే జిగురు, అంటే సీలెంట్‌కూ ఈ వేడి ఇబ్బందే. 25 డిగ్రీల దగ్గర రెండు గంటలు పనిచేయనిచ్చే రకం 35 డిగ్రీల దగ్గర దాదాపు గంటలోనే బిగుసుకుంటుంది కనుక, వేసవిలో ఆ పనిని తెల్లవారుజామునే ముగించుకోవాలి. ట్యాంకు కారుతోందేమో చూడటానికి గొట్టం చివర బెలూన్ కట్టి, కొద్దిగా గాలి నింపి, అతుకుల మీద సబ్బునీళ్లు రాస్తారు. మధ్యాహ్నం ఉబ్బిన బెలూన్ రాత్రికి మెత్తబడితే అది లీకు కానక్కరలేదు, లోపలి గాలి చల్లబడి ఉండవచ్చు. బుడగలు వచ్చిన చోటునే నమ్మాలి. లీకు దొరికితే బయటి నుంచి సీలెంట్ పూయడం వృథా, లోపలి ఒత్తిడి దాన్ని నెట్టివేస్తుంది. ట్యాంకు తెరిచి, పాతదాన్ని గీకి, ద్రావకంతో జిడ్డు పూర్తిగా తుడిచి, లోపలివైపు నుంచే మళ్లీ వేయాలి.

ఇక పారవేయవలసిన భాగాలు. మడతలో పగులు వచ్చినదాన్ని, స్పార్ మీద లోతైన గీత పడినదాన్ని దాచుకోవడానికి మనకు దొరికే సాకు ఒకటే: కొత్త భాగం సముద్రాలు దాటి, కస్టమ్స్ దాటి రావడానికి వారాలు పడుతుంది, పైగా ఖర్చు. ఆ వారాల్లో తోక భాగం పని చేసుకోవచ్చు, వైర్లు వేసుకోవచ్చు. మార్చిన ప్రతి భాగాన్నీ, తీసి వేసిన ప్రతి రివెట్‌నూ తేదీతో, ఫోటోతో నిర్మాణ పుస్తకంలో రాసిపెట్టుకోండి. విమానం ఎగరాలంటే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి తప్పనిసరి. రెక్కను మూసేశాక లోపల ఏముందో తనిఖీకి వచ్చినవారికి చూపించగలిగేది ఆ పుస్తకమే.