సోరియాసిస్: ఏ రకం ఎలా కనిపిస్తుంది

సభకు నమస్కారం.

చర్మంపై పొలుసులు లేచిన ప్రతి మచ్చనూ ఫంగస్ వల్ల వచ్చే తామర అనుకుని, మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాసుకోవడం మన ఊళ్లలో సర్వసాధారణం. సోరియాసిస్ ఉన్నవారికి ఆ అలవాటు చేసే హాని ఎక్కువ కనుక, దాని రకాలను గుర్తుపట్టే తీరు గురించే ఈ రోజు మాట్లాడతాను.

చర్మపు పైపొర కొత్తగా ఏర్పడటానికి మామూలుగా సుమారు నెల రోజులు పడుతుంది. సోరియాసిస్‌లో రోగనిరోధక వ్యవస్థ దారి తప్పడం వల్ల అదే పని కొద్ది రోజుల్లోనే జరిగిపోయి, రాలిపోవలసిన కణాలు పైన పేరుకుంటాయి. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్కపై పడుకున్నా రాదు.

పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి వచ్చేది ప్లాక్ సోరియాసిస్. మోచేతులు, మోకాళ్లు, నడుము, తల, ఈ చోట్ల అంచులు స్పష్టంగా తెలిసే మందపాటి మచ్చలు లేచి, వాటిపై తెల్లని పొలుసులు కడతాయి. మచ్చ ఎర్రగా ఉంటుందని పుస్తకాల్లో రాసింది తెల్లని చర్మాన్ని చూసి. మన చామనచాయ ఒంటిపై అది ఊదాగానో, ముదురు గోధుమ రంగులోనో కనిపిస్తుంది, ఎరుపు కోసం వెతికితే దొరకకపోవచ్చు. పొలుసును గీకి చూడకండి, గాయమైన చోటే కొత్త మచ్చ లేవవచ్చు. తలలో వస్తే చుండ్రు అనుకుంటారు గానీ, చుండ్రు పొట్టు పలుచగా, జిడ్డుగా ఉంటుంది. సోరియాసిస్ పొలుసు మందంగా, పొడిగా ఉండి, తరచు జుట్టు అంచు దాటి నుదుటి మీదికీ చెవుల వెనక్కీ దిగుతుంది.

పిల్లలకు, యువతకు గొంతు ఇన్ఫెక్షన్ వచ్చిన రెండు మూడు వారాలకు ఛాతీ, వీపులపై చుక్కలు చుక్కలుగా మచ్చలు లేస్తే అది గట్టేట్ రకం కావచ్చు. గొంతు నొప్పి సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద వచ్చే ఇన్వర్స్ రకంలో పొలుసులు దాదాపు ఉండవు, మచ్చ నున్నగా మెరుస్తుంది. తామరగా పొరబడేది ఎక్కువగా ఇక్కడే. తామర సాధారణంగా అంచున చురుగ్గా ఉండి మధ్యలో తేరుకుంటుంది, ఇది మచ్చంతా ఒకేలా ఉంటుంది. అయినా నిర్ధారించవలసింది చర్మ వైద్యులే. షాపు ట్యూబుల్లో చాలావాటిలో గాఢమైన స్టెరాయిడ్ ఉంటుంది. అది ఫంగస్‌ను ముదరబెడుతుంది, మడతల్లో చర్మాన్ని పలచబరుస్తుంది. సోరియాసిస్ ఉన్నవారు స్టెరాయిడ్ మాత్రలు వాడి హఠాత్తుగా మానేస్తే, ప్రమాదకరమైన రకాలు తలెత్తవచ్చు.

వాటిలో ఒకటి పస్ట్యులర్ రకం: ఒళ్లంతా చీము పొక్కులు, జ్వరం. ఆ చీములో సూక్ష్మజీవులు ఉండవు. రెండోది ఎరిత్రోడెర్మిక్ రకం: దాదాపు శరీరమంతా కమిలి, చర్మం పొరలుగా ఊడుతుంది, ఒంట్లో వేడి, నీరు నిలవక మనిషి వణికిపోతాడు. ఈ రెండింటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక గోళ్లపై సూదితో పొడిచినట్టు గుంటలు, గోరు కింది చర్మం నుంచి విడిపోవడం కూడా ఈ జబ్బు గుర్తులే. ఉదయం లేవగానే కీళ్లు బిగుసుకుపోవడం, ఒక వేలు మొత్తం వాచిపోవడం, మడమ నొప్పి ఉంటే కీళ్లకూ పాకిందేమో చూడాలి. కొందరికి కీళ్ల నొప్పులే ముందు మొదలవుతాయి కనుక, వాటి కోసం డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు గోళ్లను, తలలోని మచ్చను కూడా చూపించండి.